టెన్నిస్ కోర్టులో షామియానా

వెళ్ళేముందు మా తెనాలిలో అందరిదీ ఒకటే ప్రశ్న: నిజామాబాద్‌లో చూడ్డానికి ఏముంది? కొండమీద ఖిల్లా ఉంది, పెద్ద పసుపు యార్డు ఉంది, కాస్త దూరం పోతే గోదావరి ఉంది. నేను మాత్రం టెన్నిస్ కోర్టు చూడ్డానికి వెళ్తున్నానన్నాను. మా ఆయన నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. అప్పుడు జ్వరం లేదు. తిరిగొచ్చాక వచ్చింది. ఖిల్లా, యార్డు, గోదావరి ఎక్కడివక్కడే ఉన్నాయి, మీరు నిశ్చింతగా వెళ్ళి చూడొచ్చు. కోర్టు సంగతే చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

ఇందూరు ఇంత దూరం

నేను బ్యాంకులో పనిచేస్తాను. సాయంత్రాలు క్లబ్బులో టెన్నిస్ ఆడతాను. "ఆడతాను" అనేది నా ఆటకు చాలా పెద్ద క్రియ, కానీ తెలుగులో అంతకంటే చిన్నది దొరకలేదు. బ్యాంకులో నా సర్వీసు ఇరవై ఏళ్ళు దాటింది, కోర్టులో నా సర్వీసు ఇంకా నెట్టు దాటలేదు.

నిరుడు మా జిల్లాలో విశ్వవిద్యాలయాల అఖిల భారత పోటీలు జరిగినప్పుడు సెలవు పెట్టి మరీ చూశాను. అక్కడే కనిపించింది అఖిల. బక్కపలుచని పిల్ల, ఎడమచేతి వాటం. ఆమె సర్వీసు చేస్తే బంతి అవతలి అమ్మాయి ముందు పడి, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు వెళ్ళిపోయేది. ఫైనల్ దాకా వచ్చి, మూడో సెట్టు టైబ్రేక్‌లో ఓడింది. ఆట అయ్యాక మెట్లమీద కూర్చుని పెరుగన్నం తింటుంటే వెళ్ళి పలకరించాను.

"ఏ ఊరమ్మా?"

"బోధన్ ఆంటీ. నిజామాబాద్‌ల సదువుతున్న."

"మళ్ళీ ఏడాది గెలుస్తావులే."

"గెలువాలె ఆంటీ. గదే ఆఖరు. పీజీ అయిపోతది. గా తర్వాత నన్నెవరు పంపుతరు?"

ఆ మాట అని మళ్ళీ పెరుగన్నంలోకి చూసుకుంది. అప్పట్నుంచీ ఫోన్లలో మాట్లాడుకుంటూ ఉన్నాం. ఈ ఫిబ్రవరిలో ఫోన్ చేసింది: "ఆంటీ, సోమవారం పోటీలకు పోతున్న. దానికంటే ముందు కాలేజోల్లు సన్మానం జేస్తరంట. మీరు రాండ్రి. పొద్దుగాల నా ప్రాక్టీస్ గూడ చూడొచ్చు."

నిజామాబాద్ పాతపేరు ఇందూరు. తెనాలి నుంచి బయల్దేరితే ఇందూరు ఎంత దూరమో రైల్లో నా నడుముకు తెలిసింది. స్టేషన్ బయట ఆటో ఎక్కి, నా ధ్యాసలో నేనుండి "కోర్టుకు పోనివ్వు బాబూ" అన్నాను. ఆటో అతను అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు.

"భూమి కేసా మేడమ్?"

"కేసు కాదు. ఆట."

"గదే మేడమ్. లాయర్లు ఆడుకుంటరు మనతోని."

జిల్లా కోర్టు గేటు ముందు దింపాక గాని సంగతి బోధపడలేదు. నల్లకోట్ల వాళ్ళు ఇద్దరు నావైపు ఆశగా రాబోయారు. మళ్ళీ ఆటో ఎక్కి కాలేజీ పేరు చెప్పాను. అతను ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు సరిగదా, దారిలో ఆపి పది రూపాయల ఇరానీ చాయ్ తాగించి, ఆ డబ్బులూ నన్ను ఇవ్వనివ్వలేదు. మా ఊళ్ళో ఈ మలుపుకు ఇంకో వంద అడిగేవారు.

ఫ్లెక్సీ

కాలేజీ ముందు రోడ్డు పొడుగూతా ఫ్లెక్సీలు. నాలుగు పెద్ద ముఖాలు, వాటి కింద ఎనిమిది మధ్యరకం ముఖాలు, వాటి కింద తపాలా బిళ్ళంత అఖిల. ఆ బిళ్ళంత బొమ్మ చేతిలో బ్యాటు. నేను దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సవరించుకుని చూశాను. షటిల్ బ్యాటు. ఆమె చేతిలో ఎవరో అతికించారు.

"గీ పిల్లనేనా మేడమ్?" అన్నాడు ఆటో అతను. "మస్తు ఆడుతదంట గద, షటిలు."

"టెన్నిసయ్యా!" అని నేను అరిచిన అరుపుకు పాపం అతను హారన్ కొట్టాడు.

అప్పటికి నాకు కోపం సగమే వచ్చింది. మిగతా సగం లోపల ఉంది.

గుంజలు

కాలేజీ వెనక మైదానం చాలా పెద్దది. ఓ మూలన కంచె లోపల ఆకుపచ్చ రంగు వేసిన సిమెంటు కోర్టు. నేను చూడొచ్చిన కోర్టు అదే. దాని మీద నలుగురు మనుషులు గడ్డపారలతో గుంతలు తీస్తున్నారు. ఒక పక్క వెదురు గుంజలు, ఇనుప మేకులు, ఎర్రటి షామియానా గుడ్డ. ఒక్కో దెబ్బకు ఆకుపచ్చ పెచ్చులు లేచి పడుతున్నాయి. కంచె బయట అఖిల బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"అచ్చిండ్రా ఆంటీ," అంది. నవ్వడానికి ప్రయత్నించింది. "పొద్దుగాలొచ్చే వరకు గిట్లున్నది."

"చెప్పలేదా నువ్వు?"

"చెప్పిన. 'నీ కోసమే గద బిడ్డా' అన్నరు."

ప్రిన్సిపాల్ గదికి నేనే వెళ్ళాను. ఆయన లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు. మంచి మనిషి. ఈ దేశంలో కోపం తెచ్చుకోవడానికి వీల్లేకుండా చేసేది ఇలాంటి మంచి మనుషులే.

"రాండ్రి మేడమ్, రాండ్రి. మా పిల్ల కోసం గంత దూరంకెళ్ళి అచ్చిండ్రు. చాయ్ తాగుండ్రి."

"సార్, అక్కడ తవ్వుతున్నది టెన్నిస్ కోర్టు."

"అవు మేడమ్. గది అఖిల కోర్టే. ఆమె సౌత్ జోన్‌ల మెడల్ తెచ్చినంకనే మాకు సాంక్షనయింది. గందుకే సన్మానం గూడ గక్కడ్నే పెడ్దమన్న. సెంటిమెంటు!"

"ఆమె సోమవారం పోటీలకు వెళ్తోంది. అప్పటిదాకా ఎక్కడ ఆడాలి?"

"రెస్ట్ తీస్కుంటది మేడమ్. ఇన్నేండ్లకెళ్ళి మస్తు ఆడింది. ఇంక ఎంత ఆడుతది?"

"మరి ఆ గుంతలు?"

"సిమెంటు పోయిస్తం. ఎండాకాలం సెలవులల్ల."

"పక్కనే ఇంత మైదానం ఖాళీగా ఉంది కదండీ!"

ఆయన గొంతు తగ్గించాడు. "గక్కడ దుమ్ము మేడమ్. చీఫ్ గెస్ట్‌కు డస్ట్ అలర్జీ."

ఒక మనిషి ముక్కు కోసం ఒక పిల్ల కాళ్ళ కింద నేల తవ్వుతున్నారు. గుంజలు పాతడానికి ఆమెకున్న ఒక్క చోటూ గుంజుకున్నారు. చాయ్ తాగేశాను, అదొక అవమానం. చాలా బాగుంది, అది ఇంకో అవమానం.

తిరిగి వచ్చేసరికి అఖిల కోర్టులోకి వెళ్ళి బేస్‌లైన్ మూల నిలబడి ఉంది. సర్వీసుకు ఆమె ఎడమ కాలు పెట్టే చోట సరిగ్గా ఒక గుంత. కూలీ ఆమెను చూసి, "జర జరుగు చెల్లె, కాలికి తగుల్తది" అన్నాడు. ఆమె జరిగింది.

కుడిచేతి సన్మానం

మర్నాడు సభ పదింటికన్నారు. ముఖ్య అతిథి భోజనాల వేళకు వచ్చారు. అప్పటిదాకా తెల్ల గుడ్డ కప్పిన సోఫాలు ఎదురు చూశాయి, వాటి వెనక కుర్చీల్లో మేమూ ఎదురు చూశాం.

అఖిల అంతకుముందు ఫోన్లో "మా అవ్వ గూడ అస్తది" అంది. మా వైపు అవ్వంటే అమ్మమ్మో, నాయనమ్మో. కాబట్టి నేను నెరిసిన తల కోసం వెతుకుతున్నాను. చివరి వరుసలో నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చున్న నా ఈడు మనిషి లేచొచ్చి నా చేతులు పట్టుకుంది.

"తెనాలక్కవు నువ్వేనా? నేను అఖిల వాళ్ళవ్వను. గంగామణి."

ఇక్కడ అమ్మనే అవ్వ అంటారు. ఆమె బోధన్‌లో బీడీలు చుడుతుంది. పక్కన ఆమె భర్త సాయిలు, బోధన్ బస్టాండు దగ్గర మిర్చి బండి నడుపుతాడు. ఆ రోజు బండి మూసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా జేబులో దువ్వెన. కూతురికి ఆట నేర్పింది ఈయనే. ఇద్దర్నీ ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. ముందు వరుసలో కూర్చోమని కూడా ఎవరూ అనలేదు.

"ముందుకు వెళ్దాం రండి," అన్నాను.

"వద్దక్కా, గీడ నీళ్ళున్నయి," అంది గంగామణి.

సభ మొదలైంది. వ్యాఖ్యాత అఖిల విజయాలు చదవడం మొదలుపెట్టాడు. చదివిన ప్రతి విజయానికీ ఒక యజమాని దొరికాడు. డిగ్రీ మొదటి ఏడాదే యూనివర్సిటీ సింగిల్స్ గెలిచింది, యాజమాన్యం ప్రోత్సాహం. రెండో ఏడాదీ, మూడో ఏడాదీ అదే టైటిల్ నిలబెట్టుకుంది, ప్రిన్సిపాల్ గారి దార్శనికత. దక్షిణ మండల పోటీల్లో పతకం తెచ్చింది, స్థానిక పెద్దల సహకారం. నిరుడు అఖిల భారత ఫైనల్ ఆడింది, ముఖ్య అతిథి ఆశీస్సులు. ఆ ఫైనల్ నేను చూశాను. ఆశీస్సులు ఏ గ్యాలరీలో కూర్చున్నాయో నాకు కనబడలేదు. నాకు కనబడిందల్లా జ్వరంతో ఆడుతూ, ప్రతి రెండు గేములకోసారి తలమీద నీళ్ళు పోసుకున్న పిల్ల.

జ్ఞాపిక ఇచ్చే సమయం వచ్చింది. అఖిల అలవాటుగా ఎడమచెయ్యి చాపింది. వ్యాఖ్యాత మైకులోనే నాలుక కరుచుకున్నాడు. "కుడి చెయ్యి, కుడి చెయ్యి తల్లీ! పెద్దలిస్తున్నరు!" జనం నవ్వారు. ఆమె చెయ్యి మార్చింది. ఆ కప్పులన్నీ తెచ్చిన చెయ్యి అది. పోటీలో పనికొచ్చిన చెయ్యి బహుమతికి పనికిరాలేదు. నాకు రెండో సగం కోపం అక్కడ వచ్చింది.

అంతలో నా పేరు పిలిచారు. తెనాలి నుంచి విచ్చేసిన విశిష్ట అతిథి అట. వెళ్ళకూడదనుకున్నాను, కాళ్ళు వెళ్ళాయి. శాలువా వద్దనుకున్నాను, మెడ వంగింది. శాలువా కప్పించుకున్న మనిషి ఎంత ఆవేశపడినా గొంగళిలో పిల్లిలా ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. అయినా మైకు చేతికొచ్చింది కదా అని అన్నాను.

"ఈ అమ్మాయి సోమవారం ఆఖరి పోటీకి వెళ్తోంది. ప్రాక్టీసు చేసుకోవడానికి కోర్టు లేదు. ఎందుకంటే దానిమీద మనం కూర్చున్నాం."

వెంటనే చప్పట్లు. పెద్దగా, చాలాసేపు. ఉపన్యాసంలో ఎక్కడ ఆగినా చప్పట్లు కొట్టాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచారు. ముఖ్య అతిథి కూడా కొట్టారు.

అఖిలను రెండు మాటలు మాట్లాడమన్నారు. "థాంక్యూ సార్. థాంక్యూ ఆల్," అంది. లెక్క ప్రకారం రెండు మాటలే.

బోధన్ బస్సు

మర్నాడు పొద్దున్నే, తమ ఊళ్ళో పాత కోర్టు ఉందని సాయిలు అంటే, నలుగురం బోధన్ బస్సెక్కాం. దారికి రెండువైపులా వరి, మధ్యమధ్య చెరకు, ఎక్కడ చదును నేల కనిపిస్తే అక్కడ ఎండబెట్టిన పసుపు. మా పక్క దుగ్గిరాలలోనూ పెద్ద పసుపు మార్కెట్టుంది కాబట్టి ఈ వాసన నాకు చుట్టం. చెరకు ట్రాక్టర్లు మాకెదురు వస్తున్నాయి, అంటే బోధన్‌ను వదిలి వెళ్తున్నాయి.

"ఒకప్పుడు గివన్నీ మా ఊళ్ళెకు అస్తుండె," అన్నాడు సాయిలు. ఊరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. ఆయన అందులో ఆఫీసర్ల క్లబ్బులో పనిచేసేవాడు. నెట్టు కట్టడం, బంతులందివ్వడం, ఎవరూ రాని రోజు ఆఫీసర్లకు జోడీగా ఆడటం. "ఫ్యాక్టరీ బందైనంక ఆఫీసర్లు పోయిండ్రు మేడమ్. ఓ రెండు పాత బ్యాట్లు ఇడిసిపోయిండ్రు. నేను, కోర్టు, గీ పిల్ల మిగిలినం. ఎడమచేత్తో పట్టింది. కుడికి మార్సమన్నరు అందరు. నేను మార్సలే. మార్సుంటే గిప్పుడు మిర్చి బండి కాడ నాకు సాయముంటుండె."

"బాపూ!" అంది ముందు సీట్లోంచి అఖిల.

"మజాక్ జేసిన తియ్యి."

బోధన్‌లో దిగగానే ఆయన బండి తెరిచి మాకు వేడి మిర్చి వేశాడు. మా వైపు మిరపకాయ బజ్జీలో వాము, చింతపండు కూరతారు. ఇక్కడ మిరపకాయను ఉన్నదున్నట్టు నమ్ముతారు. రెండోది తింటుంటే నా కళ్ళనుంచి ధారలు. ప్లేటు ముప్పై రూపాయలని పక్కాయన ఇచ్చాడు గనక తెలిసింది, నన్నైతే ఇవ్వనివ్వలేదు. టీలో చక్కెర మనకు రెట్టింపు. ఫ్యాక్టరీ మూతపడిన సంగతి ఇక్కడి నాలుకలు ఇంకా నమ్మలేదు.

ఇంట్లో గంగామణి బీడీల చాట ముందు కూర్చుంది. పక్కన తడి గుడ్డ మూట, అందులో తునికాకు. ఆకు ఎండకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచుతారట. ఆ గుడ్డకు జరీ అంచు ఉంది. గోడవారన ఇంకా మూడు నాలుగు మూటలు, అన్నిటికీ జరీ అంచులే.

"శాలువలక్కా," అంది ఆమె. "ఎన్నని దాస్తం? ఆకుకు మంచిగుంటయి, తడి ఆరది. నీది గూడ ఇచ్చిపోరాదు?"

ఇచ్చేశాను. సన్మానమంతట్లో పనికొచ్చిన వస్తువు అదొక్కటే.

పసుపు కోర్టు

పాత ఫ్యాక్టరీ కాలనీలో ఆఫీసర్ల క్లబ్బు కోర్టు ఇంకా ఉంది. పగుళ్ళున్నాయి గాని సిమెంటు గట్టిది. అయితే అది కనబడటం లేదు. ఈ మూల నుంచి ఆ మూలదాకా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరేసి ఉన్నాయి. మధ్యలో తలకు తువ్వాల చుట్టుకుని గంగామణి తమ్ముడు లింబాద్రి కాలితో కొమ్ములు తిరగేస్తున్నాడు. అఖిలను చూసి ఆగాడు.

"ఏంది పిల్లా, గిప్పుడచ్చినవ్? నిజామాబాద్‌ల నీ కోర్టు మంచిగున్నది గద?"

"దాని మీద షామియానా ఏసిండ్రు మామా."

"ఎవలి పెండ్లి?"

"పెండ్లి గాదు. నాకే, సన్మానం."

లింబాద్రి నడుం మీద చేతులేసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "నిన్ను మెచ్చుకోనీకి నిన్నే ఎల్లగొట్టిండ్రా! సదువుకున్నోల్లు బిడ్డా, సదువుకున్నోల్లు!"

నవ్వయిపోయాక అఖిల అడిగింది. "మామా, జాగ ఇయ్యవా? రేపటి దాంకనే."

ఆయన ముఖం మారింది. "ఎట్లిస్త బిడ్డా? పచ్చి పసుపిది. కుప్ప జేస్తె లోపల తడికి మగ్గి నల్లగైతది. యార్డుల గేటు కాన్నే నన్ను ఎనుకకు తోలుతరు. ఏడాది పంట."

బేరమాడి ఒక పక్క సగం ఖాళీ చేయించారు. సాయిలు ఇనుప కమ్మీలకు తాడు కట్టి, గంగామణి పాత చీర దానిమీద ఆరేశాడు. అదే నెట్టు. ఖాళీ సగంలో అఖిల, అవతల పసుపు అంచున బ్యాటు పట్టుకుని నేను. సాయిలుకు మోకాలు నొప్పి కాబట్టి నేనే దొరికాను. నా జీవితంలో మొదటిసారి నా బంతి వరసగా నెట్టు దాటింది. చీర మధ్యలో కిందికి వేలాడుతోందని సాయిలు చెప్పకపోతే నేను ఆ రోజే పోటీలకు పేరిచ్చేదాన్ని.

అయితే ఆట సాగలేదు. నేను వదిలేసిన ప్రతి బంతీ పసుపులో కూరుకుపోయేది. బంతి కోసం నేను పసుపులోకి అడుగు పెడితే లింబాద్రి ప్రాణం పోయేది.

"మేడమ్! మేడమ్! మెల్లగ! కొమ్ములిరుగుతయి!"

"బంతి పచ్చగానే ఉంది, కొమ్ములు పచ్చగానే ఉన్నాయి, నేనేది ఏరాలయ్యా?"

"ఎగిరేది బంతి మేడమ్. ఎగరనిది నాది."

నవ్వాం గాని, అఖిల నవ్వలేదు. సర్వీసు చేసి ముందుకు ఉరకాల్సిన పిల్ల సర్వీసు చేసి నిలబడిపోతోంది. బంతి తిరిగి రాకపోతే పరుగెక్కడిది? కాసేపటికి ఆమె బ్యాటు బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

"చాలు బాపూ. గిది ఆట గాదు. రెస్ట్ తీస్కుంట."

ప్రిన్సిపాల్ మాటే. సాయిలు దువ్వెన తీసి, దువ్వుకోకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. క్లబ్బు మెట్ల మీద పక్కింటి ఆడవాళ్ళతో కూర్చుని బీడీలు చుడుతున్న గంగామణి చాట పక్కన పెట్టి లేచింది.

"ఓ లింబాద్రీ! నీ పసుపు నా డాబా మీద ఆరేస్త."

"నీ డాబా ఎంతుంటదక్కా? గంప పట్టది."

"ఇంకో గంప పోశవ్వ డాబా మీద. ఇంకోటి రజియా ఇంటి మీద. ఏమంటవ్ రజియా?"

"తేవో, మా డాబా మీదికి కోతులు గూడ రావు," అంది రజియా. బీడీల దారం పళ్ళతో తెంపుతూనే.

"అందరి పసుపు కలిసిపోతది!" అన్నాడు లింబాద్రి.

"ఎవలి పసుపుతోనిరా? కాలనీల పసుపున్నది నీకొక్కనికే!"

"ఒక్కొక్కరు పిడికెడు కూరలేసుకుంటే?"

"ఏస్కుంటరు. నా బిడ్డ ఆడుతది. పట్టు గంప."

ఆ తర్వాత జరిగింది నేను ఇంతవరకూ ఏ ఊళ్ళోనూ చూడలేదు. బీడీల చాటలు వరసగా మెట్ల మీద నిలిచాయి. ఆడవాళ్ళు గంపలతో, తట్టలతో, కొందరు కొంగుతో పసుపెత్తి ఎవరి డాబా మీదికి వాళ్ళు ఎక్కించారు. నేనూ ఎత్తాను. రెండో గంపకే నా నడుము తెనాలి వెళ్ళిపోదామంది. లింబాద్రి ఈ డాబా నుంచి ఆ డాబాకు, ఆ డాబా నుంచి ఈ డాబాకు పరుగు. "కుప్ప పొయ్యకుండ్రి! పల్సగ! పల్సగ ఆరెయ్యుండ్రి!" రజియా డాబా మీదనుంచి కేక: "నీ ఇల్లనుకున్నవా, చెప్పులిడిసి ఎక్కు!"

పొద్దు వాలేసరికి కాలనీ డాబాలన్నీ పసుపు పూసుకున్నాయి. కోర్టు ఖాళీ. అఖిల చీపురందుకుని తనే ఊడ్చింది. సిమెంటుకు పట్టిన పసుపు మరక మాత్రం పోలేదు. ఆ పచ్చ నేలమీద నిలబడి బంతి పైకి విసిరింది. ఎడమచెయ్యి ఆకాశంలోకి సాగి, బంతి నా ముందు పడి పక్కకు వెళ్ళిపోయింది. నేను బ్యాటు కదిలించేలోపు నా వెనక కంచెకు తగిలింది. మెట్ల మీద ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళకు ఎక్కడ కొట్టాలో ఎవరూ ముందు చెప్పలేదు.

నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ దాని కింద కోపం ఇంకా ఎక్కువైంది. ఏడాది పంట పాడైపోతుందన్న భయమున్న మనిషి కదిలాడు. చుట్టిన బీడీలకే కూలి వచ్చే ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టారు. మైదానం నిండా చోటున్న కాలేజీ ఒక్క సోఫా జరపలేకపోయింది. వీళ్ళలో ఒక్కరికైనా ఆ వేదిక మీద కుర్చీ ఎందుకు లేదో నన్నడక్కండి. నన్ను మాత్రం ఎక్కించారు.

కందకుర్తి

ఆదివారం ఆడే కూతురినీ, బంతులందించే తండ్రినీ కోర్టులో వదిలి, గంగామణి నన్ను కందకుర్తి తీసుకెళ్ళింది. గోదావరిలో మంజీర కలిసే చోటు. హరిద్ర అనే ఇంకో నది కూడా కలుస్తుందంటారు. హరిద్ర అంటే పసుపే. ఆ ఊళ్ళలో పసుపును తప్పించుకోవడం కుదరదు. అవతలి గట్టు మహారాష్ట్ర. పూలామె నాతో మరాఠీలో మాట్లాడింది, నేను తెనాలి తెలుగులో మాట్లాడాను. గంగామణికి రెండూ తెలుసుగాని నవ్వు ఆపుకోలేక సాయం చెయ్యలేదు. చివరికి పూలు మాత్రం దొరికాయి.

నీళ్ళలో దీపం వదిలి ఆమె చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"గెలవాలని మొక్కావా?"

"గెలుసుడు దాని పని అక్కా. నేనెందుకు మొక్కుత? ఎవలు అడ్డం రావద్దని మొక్కిన. దయగలోల్లు అసలే రావద్దని మొక్కిన."

గట్టుమీద కూర్చుని మూట విప్పింది. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు, చిన్న సీసాలో పచ్చిపులుసు. మా పచ్చడికి ఇక్కడ పేరు తొక్కు. తొక్కనైతే తొక్కారు, నా కళ్ళు మళ్ళీ కారాయి. ఈసారి కారమేనని చెప్పుకున్నాను.

తెనాలికి ఫోను

సోమవారం అఖిల పోటీలకు వెళ్ళింది, నేను ఇంటికొచ్చాను. రోజూ రాత్రి మెసేజి వచ్చేది. మొదటి రౌండు గెలిచింది. రెండోది గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో నిరుడు తనను ఫైనల్లో ఓడించిన అమ్మాయినే ఓడించింది. నేను క్లబ్బులో అందరికీ జిలేబీలు పంచాను. సెమీఫైనల్ రోజు మెసేజి రాలేదు. మర్నాడు ఫోన్ వచ్చింది.

"ఓడిన ఆంటీ."

నేను ఆ రాత్రే అన్నీ రాసిపెట్టుకున్నాను. గడ్డపారలు, సోఫాలు, ముఖ్య అతిథి ముక్కు. పేపరుకు పంపాలని, విశ్వవిద్యాలయానికి పంపాలని. ఆమె ఆఖరి అవకాశం ఆ గుంతల్లో పడిపోయిందని, దానికి కారకులు ఫలానా అని. అవన్నీ ఆమెకు చదివి వినిపించాను.

"గట్ల రాయకుండ్రి ఆంటీ."

"ఎందుకు రాయకూడదు? నిజం కాదా? ఆ నాలుగు రోజులూ నీకు కోర్టుంటే..."

"గుంతలు నిజమే. గది రాసుకోండ్రి. కానీ నేను గుంతలతోని ఓడలే. ఆ పిల్ల నాకంటె మంచిగాడింది. మూడో సెట్టుల నా సర్వీసు రెండుసార్లు తప్పింది, నా చేతితోనే తప్పింది." వెనక ఎక్కడో రైలు కూత. "గెలిసినయన్నీ వాళ్ళే పంచుకున్నరు ఆంటీ, మీరు చూసిండ్రు గద. గీ ఓడింది గూడ వాళ్ళ పేరు మీదనే రాస్తె, ఇన్నేండ్లు ఆడి నాకేం మిగిలినట్టు? గిదొక్కటన్న నాది నాకుండనీయుండ్రి."